సున్నాలు నింపే రోజు

జగద్గిరిగుట్ట వాలులో
కింద టైర్ల షాపు, పైన మా బడి.
రోజూ ఫస్ట్ బెల్లు కంటే ముందే
గాలి పంపు గురగుర మూడో అంతస్తు ఎక్కేస్తుంది.
ఇవాళ కరెస్పాండెంట్ సారు తానే మెట్లు దిగి
రెండు వందలిచ్చి దాని నోరు మూయించి వచ్చారు.

సీలు కవరు.
నలభై నాలుగు ప్రశ్న పుస్తకాలు, నలభై నాలుగు జవాబు పత్రాలు,
నాకు వేరేగా ఒక సన్న పుస్తకం.
లావు అక్షరాల్లో ఉన్నది ఉన్నట్టు పైకి చదవాలి,
సన్న అక్షరాల్లో ఉన్నది నాలోనే చదువుకోవాలి.
ఇరవై రెండేళ్ళుగా పాఠం చెబుతున్నాను,
ఎక్కడ ఊపిరి తీసుకోవాలో కూడా
ఒకరు రాసి పంపడం ఇదే మొదలు.

"నేను చెప్పేదాకా పేజీ తిప్పవద్దు.
సున్నాను పూర్తిగా నింపండి. గీత దాటవద్దు."
ఆగండి, అని ఉంది. ఆగాను.
"అందరికీ అర్థమయిందా?"
ఇక్కడ ఆగమని లేదు.

నిన్న సాయంత్రం ఆరు ఇళ్ళకు ఫోన్లు వెళ్ళాయి,
రేపు మీ పిల్లకు సెలవు, మీ పిల్లాడికి సెలవు అని.
ఎందుకని ఒక్కరూ అడగలేదట.
పోయినేడు వచ్చిన ర్యాంకు
షాపూర్ నగర్ చౌరస్తాలో ఫ్లెక్సీ అయి
వానకు వెలిసి, ఇప్పుడు ఎవరిదో బండి మీద పరదా.
ఈ ఏడు కొత్తది కట్టాలి.
ఆ ఆరు పేర్లూ రాసిచ్చింది నేనే.
నా దస్తూరి గుండ్రంగా ఉంటుంది.

ఆరో ఫోను కలవలేదు.
ఇస్లావత్ మోనిక వాళ్ళ నాన్న
గాజులరామారంలో సెంట్రింగు పనిలో ఉంటే
ఫోనుకు ఛార్జింగు ఎక్కడిది?
అందుకని వచ్చింది.
తలకు నూనె, రెండు జడలు,
రెండు వైపులా చెక్కిన పెన్సిలు,
పరీక్ష కదా అని అందరికంటే ముందు వచ్చి
మూడో వరసలో కూర్చుంది.
గుమ్మంలో నిలబడి సారు నా వైపు చూశారు.
నేను కిటికీ వైపు చూశాను.

పదిహేడో ప్రశ్న దగ్గర చెయ్యి లేచింది.
"టీచర్, ఆర్చర్డ్ అంటే ఏంది?"

సన్న పుస్తకం, తొమ్మిదో పేజీ:
పదాలకు అర్థం చెప్పరాదు. సైగ చేయరాదు.
పిల్లలు అడిగితే ఈ వాక్యం మాత్రమే చదవండి.
చదివాను.
"నీకు చేతనయినంత బాగా చెయ్యి."

ఈ పిల్ల తాత నర్సాపూర్ అవతల
ఎవరిదో మామిడి తోటకు కావలి.
వేసవి సెలవులయ్యాక నాకు నాలుగు కాయలు తెస్తుంది,
ఏ చెట్టువో చెప్పి మరీ ఇస్తుంది,
బావి పక్కది, పిడుగు పడ్డది, కోతులు ముట్టనిది.

రెండక్షరాలు.
నాలుక చివరికి వచ్చాయి.
మింగాను.
ఆమె కాసేపు సీలింగు ఫ్యానును చూసి
ఏదో ఒక సున్నా నింపింది,
గీత దాటకుండా, నాలుక కొస బయట పెట్టి.

పన్నెండుంపావు. పెన్సిళ్ళు కింద పెట్టండి.
వాడినవి ముప్పై తొమ్మిది, వాడనివి అయిదు.
చివర్న నాకూ ఒక పత్రం ఉంది,
పరీక్షలో ఏమైనా అవకతవక జరిగిందా?
అవును, ఒక సున్నా. కాదు, ఒక సున్నా.
కాదు నింపాను.
పూర్తిగా.

లక్క ఆరేలోపే కింద పంపు మళ్ళీ మొదలయింది.
మెట్ల మీద నా కొంగు లాగింది మోనిక.
"ఇప్పుడన్న చెప్పు టీచర్, ఏంది గది?"
"తోట."
"తోటనా?"
పెన్సిలు మసి అంటిన వేలు ముక్కుకు రాసుకుని
నన్ను చూసింది, తప్పు నాదేమో అన్నట్టు.
"గది నాకెరుకే గద.
గట్లనే అడగొచ్చు గద మరి."